ప్లగిన్లతో డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ నిర్మాణం

మన వార్షికోత్సవ సంచికలో కవితలు, కథలు, పూర్వ విద్యార్థుల అనుభవాలు ఎప్పుడూ ఉంటాయి. ఈసారి ఒక పాఠం కూడా ఉంటే బాగుంటుందని సంపాదకవర్గం వారు అడిగారు. ఎం.సి.ఏ. చదువుతున్న మేము మాకు తెలిసిన విషయం ఒకటి ఇక్కడ రాస్తున్నాము. డిగ్రీలో కంప్యూటర్స్ తీసుకున్న తమ్ముళ్ళకు ఇది నేరుగా ఉపయోగపడుతుంది. ఆర్ట్స్, కామర్స్ వాళ్ళు కూడా సగం దాకా ఇబ్బంది లేకుండా చదవవచ్చు. ఆ తర్వాత కొంచెం ఓపిక పట్టాలి.

మా ఇళ్ళలో డిగ్రీ పట్టా చూసిన మొదటి తరం మాది. "సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్చర్" అనే మాట క్లాసులో వినగానే ఇది మనకు అందేది కాదులే అని తల దించుకునే అలవాటు మనలో చాలామందికి ఉన్నది. అందుకే దీన్ని తెలుగులో, మన హాస్టల్ సంగతులతోనే చెప్పాలనుకున్నాము.

ముందుగా అసలు ఇబ్బంది ఏమిటో చూద్దాం. హాస్టళ్ళలో, కాలేజీల్లో ప్రతి రెండు మూడేళ్ళకు ఒక సీనియర్ బ్యాచ్ వాళ్ళు ఏదో ఒక సాఫ్ట్‌వేర్ రాసి పెడతారు. హాజరుకో, మెస్ లెక్కకో, లైబ్రరీ పుస్తకాలకో. అది మొదటి ఏడాది చక్కగా పనిచేస్తుంది. వాళ్ళు పరీక్షలు రాసి వెళ్ళిపోతారు. తర్వాత మెనూ మారుతుంది, లేదా పై ఆఫీసు వారు నివేదికలో కొత్తగా ఒక గడి కావాలంటారు. సాఫ్ట్‌వేర్‌లో ఆ గడి ఎక్కడ చేర్చాలో తెలిసినవాడు అప్పటికి హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఉంటాడు. జూనియర్లు కోడ్ తెరిచి చూస్తారు. ఒకచోట ముట్టుకుంటే ఇంకోచోట చెడిపోతుంది. నెల తిరగకుండానే అందరూ మళ్ళీ కాగితం రిజిస్టరుకే వస్తారు. ఇలా ఎంత కష్టం వృథా అయిందో లెక్కలేదు. రాసినవాళ్ళు లేకపోయినా వెనకవాళ్ళు చేర్చుకుంటూ పోగలిగే సాఫ్ట్‌వేర్‌ను ఎలా కట్టాలి? దీనికి ఉన్న మార్గాల్లో ఒకటి ప్లగిన్ల పద్ధతి.

ప్లగ్గు, సాకెట్టు

గదిలో గోడకు ఉన్న సాకెట్టును చూడండి. దాన్ని బిగించిన ఎలక్ట్రీషియన్‌కు మనం అందులో ఏం పెడతామో తెలియదు. సెల్ ఛార్జరు పెట్టినా, టేబుల్ ఫ్యాను పెట్టినా దానికి పట్టదు. అలాగే ఫ్యాను తయారుచేసిన కంపెనీకి మన గోడ వెనుక వైర్లు ఎటు పోయాయో తెలియదు. ఒకరి సంగతి ఒకరికి తెలియకపోయినా ఫ్యాను తిరుగుతున్నదంటే మధ్యలో ఒక ఒప్పందం ఉన్నదన్నమాట. మన దేశంలో ప్లగ్గులు, సాకెట్ల ఆకారం, కొలతలు ఐ.ఎస్. 1293 అనే ప్రమాణంలో రాసి ఉంటాయి. గోడ కట్టేవారు, ఫ్యాను చేసేవారు ఇద్దరూ దానికి కట్టుబడి ఉంటే చాలు.

ప్లగిన్ అనే మాట అక్కడి నుండే వచ్చింది. సాఫ్ట్‌వేర్‌లో గోడ స్థానంలో ఉండేదాన్ని హోస్ట్ అంటారు. (హోస్ట్, హాస్టల్ రెండూ ఒకే లాటిన్ మూలం నుండి వచ్చిన మాటలు. ఇద్దరి పనీ వచ్చినవాడికి చోటివ్వడమే.) సాకెట్టు స్థానంలో ఉండేదాన్ని ఎక్స్‌టెన్షన్ పాయింట్ అంటారు, అనగా బయటివాడు వచ్చి తగిలించుకోవడానికి హోస్ట్ వదిలిపెట్టిన చోటు. ఆ చోట వచ్చి తగులుకునే చిన్న ప్రోగ్రామే ప్లగిన్. హోస్ట్ కోడ్‌లో ఒక్క అక్షరం మార్చకుండా, దాన్ని మళ్ళీ కంపైల్ చేయకుండా, ఒక ఫోల్డరులో ఫైళ్ళు పెడితే కొత్త పని వచ్చి చేరాలి. తీసేస్తే ఆ పని మాత్రమే పోవాలి.

సాకెట్టు పోలికలో ఇంకొక సంగతి కూడా ఉన్నది. చలికాలంలో ఎవరో ఒకరు దొంగచాటుగా వాటర్ హీటర్ రాడ్డు పెడతారు. వరుసలో ఉన్న గదులన్నిటికీ కరెంటు పోతుంది. ఒక్కడి ప్లగ్గు వల్ల అందరికీ చీకటి. సాఫ్ట్‌వేర్‌లోనూ అచ్చంగా ఇదే జరుగుతుంది. దాని సంగతి తర్వాత చెబుతాము.

పెద్ద సాఫ్ట్‌వేర్లు ఎలా చేశాయి

ఫొటో స్టూడియోల్లో వాడే ఫొటోషాప్ 1990లో మొదటిసారి విడుదలైంది. బొమ్మ మీద కొత్త రకం మార్పులు చేసే ఫిల్టర్లను బయటివాళ్ళు రాసి అమ్ముకోవడానికి అందులో చోటు ఇచ్చారు. ఆ ఫిల్టర్లు చేసే పని ఒకటే. బొమ్మలోని చుక్కలను తీసుకుని, మార్చి, తిరిగి ఇవ్వడం. ఒప్పందం అంత ఇరుకుగా ఉండటమే దాని బలం.

జావా ల్యాబులో మనలో చాలామంది వాడే ఎక్లిప్స్ అంతకంటే ఒక అడుగు ముందుకు పోయింది. ఐ.బి.ఎం. కంపెనీ 2001 నవంబరులో దాన్ని అందరికీ ఉచితంగా, కోడ్‌తో సహా విడుదల చేసింది. ఎక్లిప్స్‌లో చిన్న మూలభాగాన్ని పక్కన పెడితే మిగిలినదంతా ప్లగిన్లే. మనం జావా రాసుకునే భాగం కూడా ప్లగిన్లుగానే తగిలించి ఉంటుంది. ఆ కంపెనీ వాళ్ళు రాసినదానికి ఒక దారి, బయటివాడు రాసినదానికి ఇంకో దారి అని ఉండదు. ఎరిక్ గామా, కెంట్ బెక్ అనే ఇద్దరు 2003లో ఎక్లిప్స్ గురించి రాసిన పుస్తకంలో ఈ సంగతిని ఒక నియమంగానే పెట్టారు. మన సిలబస్‌లో ఉన్న డిజైన్ ప్యాటర్న్స్ అనే 1994 నాటి పుస్తకం రాసిన నలుగురిలో ఈ గామా ఒకరు. తర్వాత వచ్చిన విజువల్ స్టూడియో కోడ్ వెనుక ఉన్నదీ ఆయనే.

ఎక్లిప్స్ నుండి నేర్చుకోవలసిన రెండో సంగతి బద్ధకం. ప్రతి ప్లగిన్‌తో పాటు ప్లగిన్.ఎక్స్‌ఎంఎల్ అనే చిన్న పరిచయ ఫైలు ఉంటుంది. "నా పేరు ఇది, ఈ మెనూలో నాకు ఒక వరుస కావాలి, అది నొక్కితే ఫలానా క్లాసును పిలవండి" అని అందులో రాసి ఉంటుంది. ఎక్లిప్స్ తెరవగానే ఆ పరిచయ సమాచారం ఆధారంగానే మెనూ చూపిస్తుంది. అసలు కోడ్‌ను మనం ఆ వరుస నొక్కేదాకా మెమొరీలోకి తీసుకురాదు. వందల ప్లగిన్లు ఉన్నా అది తెరుచుకోగలుగుతున్నది ఇందువల్లే. 2 జీబీ మెమొరీ ఉన్న పాత కంప్యూటర్లతో నెట్టుకొచ్చే మనలాంటి వాళ్ళకు ఈ బద్ధకం చాలా విలువైనది.

ఫైర్‌ఫాక్స్ కథ మాత్రం వేరు. ఇందులో తెలుగువారి సంగతి కూడా ఒకటి ఉన్నది. 2000ల దశకంలో తెలుగు దినపత్రికల వెబ్‌సైట్లు చాలావరకు యూనికోడ్‌లో ఉండేవి కావు. ఒక్కో పత్రికది ఒక్కో ఫాంటు. ఆ ఫాంటు లేకపోతే తెరమీద పిచ్చి గుర్తులు కనబడేవి. కాపీ చేసుకుంటే అర్థం కాని అక్షరాలు వచ్చేవి. అప్పుడు "పద్మ" అనే ఫైర్‌ఫాక్స్ ప్లగిన్ ఒకటి వచ్చి, ఆ పేజీలను చదివే సమయంలోనే యూనికోడ్ తెలుగులోకి మార్చి చూపించింది. పత్రికల వాళ్ళు తమ సైటు మార్చలేదు. ఫైర్‌ఫాక్స్ వాళ్ళకు తెలుగు ఫాంట్ల గొడవ తెలియవలసిన అవసరమే రాలేదు. ఎక్కడో తయారైన బ్రౌజరుకు తెలుగు తెలిసినవాడొకడు మధ్యలో ఒక ముక్క తగిలిస్తే పని జరిగిపోయింది. ప్లగిన్ల వల్ల కలిగే మేలుకు ఇంతకంటే మంచి ఉదాహరణ మాకు తెలియదు.

అయితే ఫైర్‌ఫాక్స్ ఇచ్చిన స్వేచ్ఛ మరీ ఎక్కువ. పాత పద్ధతిలో ప్లగిన్ రాసేవాడు బ్రౌజరు లోపలి భాగాలను దేన్నయినా తాకవచ్చు, మార్చవచ్చు. సాకెట్టు ఇవ్వకుండా గోడ పగలగొట్టి వైరు కలుపుకోమన్నట్లు ఉండేది. మొదట్లో అందరికీ సంతోషమే. కాలం గడిచేకొద్దీ బ్రౌజరు వాళ్ళు లోపల ఏది మార్చినా ఎవరిదో ఒక ప్లగిన్ విరిగేది. చివరికి 2017 నవంబరులో వచ్చిన 57వ వెర్షన్‌తో పాత పద్ధతి ప్లగిన్లన్నిటినీ ఆపేశారు. ఏళ్ళ తరబడి వాడుతున్న ప్లగిన్లు ఎన్నో ఆ ఒక్క వెర్షన్‌తో పనిచేయకుండా పోయాయి. ఇరుకైన కొత్త ఒప్పందం ప్రకారం తిరిగి రాసినవే మిగిలాయి. మొదటి రోజు ఎంత తక్కువ ఇస్తామో తర్వాత అంత తక్కువ లాక్కోవలసి వస్తుందన్నది మా అభిప్రాయం.

మన హాస్టల్ రిజిస్టరు

మా మినీ ప్రాజెక్టుకు నలుగురం కలిసి ఒక హాస్టల్ రిజిస్టరు సాఫ్ట్‌వేర్ తీసుకున్నాము. వెబ్‌సైటు ఎందుకు పెట్టలేదని వైవాలో అడిగారు. హాస్టల్ ఆఫీసు గదిలో నెట్ ఉన్న రోజులకంటే లేని రోజులే ఎక్కువ. కరెంటు ఉంటే చాలు నడవాలి, అందుకే డెస్క్‌టాప్. పైథాన్‌లో, దానితోపాటే వచ్చే టికింటర్ అనే తెరల లైబ్రరీతో రాశాము.

మొదట తేల్చుకోవలసింది హోస్ట్‌లో ఏముండాలి, ప్లగిన్లలో ఏముండాలి అన్నది. దీనికి మేము పెట్టుకున్న కొలత ఇది: అందరికీ కావలసినది, ఒక్కొక్కరు విడివిడిగా చేసుకుంటే పాడయ్యేది హోస్ట్‌లో ఉండాలి. మిగిలినది బయటికి పోవాలి. విద్యార్థుల పేర్ల జాబితా, రోజువారీ హాజరు, బ్యాకప్, ముద్రణ — ఇవి హోస్ట్‌వి. మెస్ సరుకుల లెక్క, లైబ్రరీ పుస్తకాలు, స్కాలర్‌షిప్ కాగితాల జాబితా ప్లగిన్లు.

ముద్రణ హోస్ట్‌లో ఎందుకని అడగవచ్చు. తెలుగును కాగితం మీదికి తేవడం అంత సులభం కాదు. కొన్ని పీడీఎఫ్ లైబ్రరీలతో చేస్తే ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి. "లక్ష్మి" అని రాస్తే పొల్లులు, అక్షరాలు విడివిడిగా వస్తాయి. దీనికి మేము చేసిన ఉపాయం ఏమిటంటే, పట్టికను ఒక హెచ్‌టీఎంఎల్ ఫైలుగా రాసి బ్రౌజరులో తెరిచి, అక్కడి నుండి ముద్రించడం. బ్రౌజరుకు తెలుగు ఒత్తులు సరిగ్గా పేర్చడం వచ్చు. ఈ తంటా ప్రతి జూనియరూ మొదటి నుండి పడనవసరం లేదు. ముద్రించు అని హోస్ట్‌ను అడిగితే చాలు.

ఒప్పందం రాయడం

ఇదే ఈ పాఠంలో ముఖ్యమైన భాగం. ప్లగిన్ రాసేవాడికి హోస్ట్ ఏం ఇస్తుంది, వాడు హోస్ట్‌కు ఏం ఇవ్వాలి అన్నది కాగితం మీద రాయగలగాలి. రాయలేకపోతే డిజైన్ ఇంకా పూర్తికాలేదన్నమాట.

పైథాన్ 3లో ఫంక్షన్ల పేర్లు తెలుగులో కూడా పెట్టుకోవచ్చు. అందుకని ఒప్పందంలోని పేర్లన్నీ తెలుగులోనే పెట్టాము. ఒక జాగ్రత్త మాత్రం తీసుకోవాలి. "సాఫ్ట్‌వేర్" వంటి మాటల్లో పొల్లు నిలబడటానికి మధ్యలో కంటికి కనబడని అక్షరం ఒకటి వేస్తాము. పేరులో అది ఉంటే పైథాన్ ఒప్పుకోదు, తప్పు చూపిస్తుంది. అది అవసరం లేని మాటలే ఎంచుకోవాలి.

ప్లగిన్ ఇవ్వవలసినవి తక్కువ. ఒక పరిచయ ఫైలు (మేము జేసన్‌లో రాశాము), మొదలు అనే ఫంక్షన్, ముగింపు అనే ఫంక్షన్. మొదలు ఫంక్షన్‌ను పిలిచేటప్పుడు హోస్ట్ ఒక వస్తువును చేతికిస్తుంది. ప్లగిన్ ఏం కావాలన్నా దాన్నే అడగాలి. విద్యార్థులు() అంటే పేరు, గది, తరగతి ఉన్న జాబితా వస్తుంది, చదవడానికి మాత్రమే. హాజరు_సంఖ్య(తేదీ) అంటే ఆ రోజు ఎంతమంది ఉన్నారో అంకె వస్తుంది. భద్రపరచు, తెచ్చు అనే రెండింటితో ప్లగిన్ తన లెక్కలను దాచుకుంటుంది. ముద్రించు సంగతి పైన చెప్పాము. చివరిది విను. "హాజరు ముగిసింది" వంటి సంఘటన జరిగినప్పుడు నన్ను పిలవండి అని ప్లగిన్ దీని ద్వారా చెప్పి పెట్టుకుంటుంది. డిజైన్ ప్యాటర్న్స్‌లో చదివే అబ్జర్వర్ ఇదే. హాజరు తీసుకునే కోడ్‌కు మెస్ లెక్క అనేది ఒకటి ఉన్నదని కూడా తెలియదు. తన పని ముగియగానే కేక వేస్తుంది, వినేవాళ్ళు వింటారు.

డేటాబేసు కనెక్షన్‌నే నేరుగా ఇచ్చేస్తే పని తేలిక కదా అని మా నలుగురిలోనే వాదన జరిగింది. ఒక ఉదాహరణ చూడండి. ఈరోజు హాజరు రాత్రి పూట ఒక్కసారే తీసుకుంటున్నారు. వచ్చే ఏడాది ఉదయం, రాత్రి రెండు పూటలా తీసుకోమంటారు. పట్టికలో ఒక్కో విద్యార్థికి రోజుకు రెండు వరుసలు వస్తాయి. మెస్ ప్లగిన్ నేరుగా పట్టికలోని వరుసలు లెక్కపెట్టుకుంటూ ఉంటే, వంద మంది ఉన్న రోజు రెండు వందలు చూపిస్తుంది. ఎక్కడా తప్పు అని కనబడదు, లెక్క మాత్రం తప్పుతుంది. అదే హాజరు_సంఖ్య(తేదీ)ని అడిగి ఉంటే, హోస్ట్ వాళ్ళు లోపల సర్దుకుని రాత్రి హాజరే ఇస్తారు. రెండు పూటల లెక్క కావలసినవారికి హాజరు_పూట(తేదీ, పూట) అని కొత్త ఫంక్షన్ చేరుస్తారు. పాతది పాత అర్థంతోనే ఉంటుంది. పేరు అదే ఉంచి అర్థం మార్చడం కంటే ఆ ఫంక్షన్‌ను పూర్తిగా తీసేయడం నయం. తీసేస్తే కనీసం ఆగిపోయి చెబుతుంది.

ఒప్పందానికి సాఫ్ట్‌వేర్ వెర్షన్‌తో సంబంధం లేని సొంత నంబరు ఉండాలి. మాది 1.0తో మొదలైంది. కొత్తది చేర్చినప్పుడు రెండో అంకె పెరుగుతుంది. పాతది తీసేసినా, మార్చినా మొదటి అంకె మారుతుంది. "నాకు 1.1 కావాలి" అన్న ప్లగిన్ 1.2లో నడుస్తుంది, 1.0లో నడవదు, 2.0లో నడవదు. హోస్ట్ ఈ మూడు పోలికలు తెరుచుకునేటప్పుడే చూసుకుని, సరిపడని ప్లగిన్‌ను పక్కన పెట్టి, కారణాన్ని తెలుగులో చూపించాలి.

కంచె

హీటర్ రాడ్డు సంగతికి వద్దాం. మెస్ ప్లగిన్ ఆ రోజు వాడిన బియ్యాన్ని ఆ రోజు హాజరుతో భాగించి తలసరి చూపిస్తుంది. దసరా సెలవుల్లో హాజరు సున్నా. సున్నాతో భాగిస్తే పైథాన్ తప్పు లేపుతుంది. కంచె లేని హోస్ట్‌లో ఆ తప్పు "హాజరు ముగిసింది" అని కేక వేసిన చోటికే తిరిగి వస్తుంది. ఆ తర్వాత వినవలసిన మిగతా ప్లగిన్ల వంతు రాకుండానే పని ఆగిపోతుంది. కనుక హోస్ట్ తన చేతిలో నుండి ప్లగిన్ చేతిలోకి అధికారం పోయే ప్రతిచోటా ట్రై-ఎక్సెప్ట్ పెట్టాలి. తప్పును పట్టుకుని, ఏ ప్లగిన్, ఏ లైను, ఏ సమయం అన్నది ఒక ఫైలులో రాసి, ముందుకు సాగాలి. మూడుసార్లు వరుసగా తప్పు చేసిన ప్లగిన్‌ను మా హోస్ట్ ఆ రోజుకు నిద్రపుచ్చుతుంది.

ఈ కంచెకు కూడా హద్దులున్నాయి. ప్లగిన్ తప్పు లేపకుండా తిరుగుతూనే ఉంటే ట్రై-ఎక్సెప్ట్ ఏమీ చేయలేదు. టికింటర్‌లో తెర పనంతా ఒకే దారంలో, అంటే ఒకే థ్రెడ్‌లో నడుస్తుంది. మెస్ ప్లగిన్ ఏడాది లెక్కంతా ఒకేసారి కూడుతూ కూర్చుంటే కిటికీ మొత్తం బిగుసుకుపోతుంది. వార్డెన్ గారు మౌస్ నొక్కుతూనే ఉంటారు. అందుకని ఎక్కువసేపు పట్టే పనిని ప్లగిన్ వేరే థ్రెడ్‌లో చేసుకోవాలి, తెరను మాత్రం నేరుగా ముట్టకూడదు, ఫలితాన్ని హోస్ట్ ఇచ్చిన క్యూలో వేయాలి అని ఒప్పందంలో రాశాము. హోస్ట్ ఆ క్యూను మధ్య మధ్య చూసి తెరమీద పెడుతుంది.

అసలైన గట్టి కంచె కావాలంటే ప్లగిన్లను వేరే ప్రాసెస్‌లో నడపాలి. ఫైర్‌ఫాక్స్ 2010లో వచ్చిన 3.6.4 వెర్షన్‌లో ఫ్లాష్ వంటి ప్లగిన్లను వేరే ప్రాసెస్‌లోకి పంపింది. అప్పటిదాకా ఫ్లాష్ పడిపోతే బ్రౌజరూ పడిపోయేది. ఆ తర్వాత ఫ్లాష్ ఒక్కటే పడిపోయేది. విజువల్ స్టూడియో కోడ్ కూడా తన ఎక్స్‌టెన్షన్లను వేరే ప్రాసెస్‌లోనే నడుపుతుంది. ఖర్చు ఏమిటంటే మెమొరీ ఎక్కువ పడుతుంది, ప్రతి మాటా సందేశంగా అటూ ఇటూ మోయాలి. మా పాత కంప్యూటరుకు అది బరువని మేము ఒకే ప్రాసెస్‌లో ఉంచాము. మీ పరిస్థితి వేరైతే మీ నిర్ణయం వేరుగా ఉండవచ్చు.

ఎవరి సమాచారం?

ఒకే ప్రాసెస్‌లో నడిచే పైథాన్ ప్లగిన్‌కు హోస్ట్‌కు ఉన్న అధికారాలన్నీ ఉంటాయి. చదవడానికి మాత్రమే అని మనం జాబితా ఇచ్చినా, వాడు తలచుకుంటే డేటాబేసు ఫైలును నేరుగా తెరవగలడు. పరిచయ ఫైలులో "నాకు ఈ అనుమతులు కావాలి" అని రాయించుకోవడం మర్యాదే గాని తాళం కాదు. ఈ విషయం వైవాలో ఎవరూ అడగలేదు. మాకు మాత్రం అన్నిటికంటే ఇదే ముఖ్యంగా కనబడింది.

హాస్టల్‌లో చేరేటప్పుడు మనం ఏమేం ఇస్తామో గుర్తుచేసుకోండి. కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ, ఆధార్ నంబరు, స్కాలర్‌షిప్ పడే బ్యాంకు ఖాతా. ఇవన్నీ ఒకచోట ఉన్న ఫైలు ఎవరైనా పెన్‌డ్రైవ్‌లో వేసుకుపోతే నష్టపోయేది మనమూ, మన తమ్ముళ్ళూ. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్ళలోపు పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల అంగీకారం గురించి ప్రత్యేకంగా చెప్పింది. చట్టం మాట అటుంచినా, తాళం లేని ఇంట్లో బంగారం పెట్టకపోవడమే తెలివి. ఆ నంబర్లేవీ మా హోస్ట్‌లో లేవు. పేరు, గది, తరగతి, అంతే. స్కాలర్‌షిప్ ప్లగిన్ కూడా "బ్యాంకు పాస్‌బుక్ నకలు ఇచ్చాడు / ఇవ్వలేదు" అని మాత్రమే రాసుకుంటుంది, ఖాతా నంబరు రాసుకోదు. దీనికి తోడు కొత్త ప్లగిన్ ఏది వచ్చినా రాసినవాడు కాక ఇంకో ఇద్దరు కోడ్ చదవాలి. చదివిన తర్వాత ఆ ఫైళ్ళ ఎస్‌హెచ్‌ఏ-256 గుర్తును ఒక జాబితాలో చేరుస్తారు. గుర్తు కలవని ప్లగిన్‌ను హోస్ట్ తెరవదు.

ఎవరు ముందు, ఎవరు వెనుక

మెస్ బిల్లు ప్లగిన్‌కు సరుకుల ప్లగిన్ కావాలి. సరుకులది ముందు మొదలవ్వాలి. పరిచయ ఫైళ్ళలోని "కావలసినవి" అనే వరుసను బట్టి హోస్ట్ ఈ క్రమం తేల్చుకుంటుంది. డేటా స్ట్రక్చర్స్‌లో టోపోలాజికల్ సార్ట్ అని చదివి, పరీక్ష కాగానే మరిచిపోతాము గదా, దాని పని ఇక్కడే. కాన్ 1962లో చెప్పిన పద్ధతి చాలా సులభం. ఎవరి అవసరమూ లేని ప్లగిన్లను ముందు తీయాలి. వాటిని తీసేశాక ఎవరి అవసరాలు తీరిపోయాయో వాళ్ళను తీయాలి. ఇలా పోగా చివరికి ఎవరైనా మిగిలిపోతే, ఒకదానికొకటి కావాలంటూ చుట్టు తిరుగుతున్న ప్లగిన్లు ఉన్నాయన్నమాట. వాటి పేర్లు చూపించి, వాటిని వదిలేసి, మిగిలినవాటితో హోస్ట్ తెరుచుకోవాలి.

ప్లగిన్లు వద్దనుకోవలసిన సందర్భం

ఇంత రాశాము గదా అని ప్రతి ప్రాజెక్టుకూ ప్లగిన్లు పెట్టకండి. వైవాలో గొప్పగా కనబడుతుందని పెట్టినవాటిని కొన్ని చూశాము. హోస్ట్ ఒకటి, ప్లగిన్ ఒకటి, ఆ రెండూ రాసింది ఒక్కడే. దానివల్ల పని రెట్టింపయింది తప్ప లాభం లేదు. ముందు రెండు మూడు పనులను మామూలుగానే రాయాలి. అవి మూడూ హోస్ట్‌ను ఏమేం అడుగుతున్నాయో పక్కపక్కన పెట్టి చూస్తే ఒప్పందం దానంతటదే కనబడుతుంది. ఒక్క ఉదాహరణ చూసి కొలత తీసుకున్న సాకెట్టులో ఆ ఒక్క ప్లగ్గే పడుతుంది.

తీసేయడం, చేర్చడం

ప్లగిన్ తీసేసినప్పుడు దాని లెక్కలు ఏమవ్వాలి? చెరిపేస్తే రెండేళ్ళ సరుకుల లెక్క పోతుంది. ఉంచితే చదివేవాడు ఉండడు. మేము ఒక్కో ప్లగిన్‌కు దాని పేరుతో విడి ఫోల్డరు ఇచ్చాము. తీసేసేటప్పుడు హోస్ట్ ఆ లెక్కలను సీఎస్‌వీ ఫైలుగా రాసి "పాతవి" అనే ఫోల్డరులో పెడుతుంది. ఎక్సెల్ వంటి వాటిలో ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు, మా సాఫ్ట్‌వేర్ లేకపోయినా.

ఒప్పందం సరిగ్గా ఉన్నదా లేదా అన్నది రాసినవాళ్ళు చూసుకుంటే తేలదు. అందుకని హోస్ట్ కోడ్ ఎప్పుడూ చూడని డిగ్రీ రెండో సంవత్సరం తమ్ముడికి నాలుగు పేజీల ఒప్పందం కాగితాలు మాత్రమే ఇచ్చి లైబ్రరీ పుస్తకాల ప్లగిన్ రాయమన్నాము. కోడ్ అడిగితే ఇవ్వలేదు. ప్రశ్నలు మాత్రం అడగవచ్చన్నాము. రెండు ప్రశ్నలు అడిగాడు. తేదీని సంవత్సరం ముందు రాయాలా, రోజు ముందు రాయాలా అన్నది మొదటిది. దానికి కాగితంలో ఒక వాక్యం చేర్చాము. రెండోది: "అన్నా, పుస్తకం తీసుకున్నవాడు హాస్టల్ వదిలి వెళ్ళిపోతే నా ప్లగిన్‌కు ఎట్లా తెలుస్తుంది?" దానికి జవాబుగా "విద్యార్థి వెళ్ళాడు" అనే కొత్త సంఘటన చేర్చాము. అప్పటిదాకా 1.2గా ఉన్న ఒప్పందం 1.3 అయింది. ఆ కాగితాలు ఇప్పుడు రీడింగ్ రూము బీరువాలో, మూడో అరలో ఉన్నాయి.